గుర్రాల షెల్టర్‌ని పెంచాలనుకుంటున్నాం, అడవి జంతువులకీ చోటు చేయొచ్చా?

గరికపోచ:
అందరికీ నమస్కారం. వికారాబాద్ వైపు నాలుగెకరాల్లో ఆరేళ్లుగా ముసలివైపోయిన, దెబ్బలు తగిలిన గుర్రాల్ని చూసుకుంటున్నాం. ఇప్పుడు 11 ఉన్నాయి. చాలావరకు పెళ్లి బరాత్‌లలో తిరిగి తిరిగి కాళ్లు దెబ్బతిన్నవే. ఒకదానికి ముళ్ల కళ్లెం వేసి వేసి నాలుక సగం తెగిపోయింది, ఇప్పటికీ నానబెట్టిన మేత తప్ప తినలేదు.

పక్కన ఆరెకరాలు అమ్మకానికొచ్చాయి. అప్పు చేసైనా కొందాం, మూడేళ్లలో 30 గుర్రాలదాకా తీసుకోవచ్చు అని మా ఆయన అంటున్నారు. ఇంకో సంగతి ఏంటంటే, వానలు మొదలైతే చాలు పొలం దున్నేటప్పుడు దొరికిన నెమలి గుడ్లు, కరెంటు షాక్ కొట్టిన కోతులు, వలలో చిక్కిన పాములు, ఏది దొరికినా ఊళ్లోవాళ్లు మా గేటు దగ్గరికే తెస్తున్నారు, కాదనలేకపోతున్నాం. వాటికీ ఒక షెడ్డు కట్టేస్తే బాగుంటుందనిపిస్తోంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ముందు ఏది చేయాలి? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

పశువుల డాక్టర్, మెదక్:
అమ్మా, స్థలం కంటే ముందు మేత లెక్క వేయండి. 350 కిలోల గుర్రానికి రోజుకి ఎండుమేత లెక్కన దాదాపు 7 కిలోలు కావాలి, అంటే ఇప్పుడున్న పదకొండింటికే ఏడాదికి సుమారు 28 టన్నులు. 30 అయితే 76 టన్నుల పైమాటే. గుర్రం 25, 30 ఏళ్లు బతుకుతుంది కాబట్టి ఇవాళ పన్నెండేళ్లదాన్ని తెచ్చారంటే ఇంకో పదిహేనేళ్ల మేత ఒప్పుకున్నట్టే.

కొత్త భూమిలో సూపర్ నేపియర్ (ఎత్తుగా పెరిగే పశుగ్రాసం) వేస్తాం అంటారేమో, చాలామంది పాడి రైతుల్ని చూసి అదే చేస్తారు. గేదెకి పనికొస్తుంది కానీ గుర్రానికి అదొక్కటే పెట్టకండి. అందులో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు, పైగా తవుడు కూడా పోస్తే అందులో భాస్వరం ఎక్కువ, ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది, నడక కుంటుపడుతుంది. నేను చూసిన రెండు షెల్టర్లలో ఇదే జరిగింది, ఇద్దరూ ఎంతో ప్రేమగా పెంచేవాళ్లే. గరిక, కొంచెం లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత), మంచి ఎండుగడ్డి, వీటికి ఏర్పాటు చేసుకోండి.

రెండోది, వేరే షెడ్డు. కొత్తగా వచ్చిన గుర్రాన్ని నేరుగా మందలో కలపకండి. దానికి వేరే తొట్టి, వేరే బకెట్లు, వేరే మనిషి ఉండాలి. గ్లాండర్స్ అని గుర్రాలకొచ్చే బ్యాక్టీరియా జబ్బు ఉంది, అది మనుషులకీ అంటుతుంది, దానికి వైద్యం చేయడం ఉండదు, తేలితే గుర్రాన్ని చంపాల్సిందే. రక్తం హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పరీక్షకి పంపించి, రిపోర్టు వచ్చేదాకా ఆగండి. నన్నడిగితే మీ మొదటి ఏడాది ప్లాన్ మొత్తం ఈ షెడ్డే. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కే మనిషిని కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, మన దగ్గర ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు.

అడవిబాట:
అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను. అక్కా, మీ మనసు అర్థమైంది కానీ అడవి జంతువులకి షెడ్డు కట్టే ఆలోచన ఇప్పుడే ఆపండి. వన్యప్రాణి చట్టం 1972 ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. మీ చేతికొస్తే 48 గంటల్లో అటవీ అధికారులకో పోలీసులకో తెలియజేయాలి. శాశ్వతంగా ఉంచుకునే రెస్క్యూ సెంటర్ కావాలంటే సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు తప్పనిసరి. నెమలి ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జాబితాలో ఉంది, జాలిపడి పెంచినా కేసే.

అయితే చట్టం ఒక్కటే కాదు నా బాధ. గుర్రం మీ దగ్గరికొస్తే ఉండిపోవాలి, మనిషికి దగ్గరవ్వాలి. అడవి జంతువు వస్తే వీలైనంత త్వరగా వెళ్లిపోవాలి, మనిషంటే భయం పోకూడదు. చేత్తో పాలు పట్టి పెంచిన కోతిపిల్ల పెద్దయ్యాక ఎవరి ఇంటి మీదైనా వాలుతుంది, దాన్ని గుంపు కూడా రానివ్వదు. ఈ రెండిటినీ ఒకే కాంపౌండ్‌లో, అవే చేతులతో చేయలేరు.

మీరు చేయగలిగింది ఉంది. మీ అటవీ రేంజ్ ఆఫీసర్‌ని కలిసి రాతపూర్వకంగా అడగండి, జంతువు దొరికితే చీకటిగా ఉండే గాలాడే పెట్టెలో పెట్టి, గొడవలేని చోట ఉంచి, వాళ్లొచ్చేదాకా కాపాడతామని. పాములైతే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు అటవీ శాఖతో కలిసి పనిచేస్తారు. నెమలి గుడ్లు మాత్రం తేవొద్దని దుక్కుల ముందే ఊళ్లో చెప్పండి. గూడు ఉన్న చోట నాలుగు గజాలు దున్నకుండా వదిలేస్తే తల్లి తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. ఒక షెడ్డు కంటే ఈ మాట ఎక్కువ నెమలి పిల్లల్ని కాపాడుతుంది.

లెక్కలమాస్టారు:
క్లుప్తంగా చెప్తా. అప్పు చేసి భూమి కొనకండి, కౌలుకి అడిగి చూడండి. షెల్టర్ మీ సొంత పేరు మీద నడుస్తుంటే ముందు ట్రస్టు పెట్టి, ఆదాయపు పన్ను శాఖలో ట్రస్టుకీ దాతలకీ పన్ను మినహాయింపు వచ్చే రిజిస్ట్రేషన్లు తెచ్చుకోండి. కంపెనీలు సమాజ సేవకి పెట్టే సీఎస్ఆర్ డబ్బుకి జంతు సంక్షేమం కూడా అర్హమే, కానీ దానికోసం సంస్థలు చేయించుకునే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ లేకపోతే ఇవ్వరు. ఆ డబ్బు షెడ్లకి తేలిగ్గా వస్తుంది, రోజువారీ మేతకి రావడం కష్టం. మేతకి నెలనెలా కొంచెం పంపే మనుషులే దిక్కు. ఆరు నెలల మేత డబ్బు బ్యాంకులో పడేదాకా కొత్త గుర్రం ఏదీ ఒప్పుకోవద్దు.

గరికపోచ:
అందరికీ చాలా థాంక్స్. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. భూమి కౌలుకి అడుగుదామని ఆయనే అన్నారు. డాక్టర్ గారూ, మేం రోజూ తవుడు పోస్తున్నాం, నేపియర్ కూడా అరెకరం ఉంది. ఒక గుర్రానికి రెండు నెలలుగా ముక్కుకి పైన ఎముక ఉబ్బినట్టుంది, పన్ను సమస్య అనుకున్నాం. అంతేకాక మరో రెండు గుర్రాల్ని వచ్చే వారం తెస్తామని మాటిచ్చేశాను.

పశువుల డాక్టర్, మెదక్:
తవుడు ఇవాళ్టి నుంచే ఆపండమ్మా, నేపియర్ మెల్లిగా తగ్గించి గరిక పెంచండి, మేత ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. ఆ ఉబ్బు రెండు వైపులా ఉందా ఒకవైపేనా చూసి ఫోటో పెట్టండి. ఒకవైపే అయితే పన్ను కావొచ్చు. ఆ రెండిటినీ మాత్రం ఉన్నచోటే ఉంచి, అక్కడే రక్తం తీయించండి.