బీఎస్సీ జియాలజీ అయిపోవస్తోంది, ఎమ్మెస్సీ చెయ్యాలా మానాలా?

రాళ్లపిల్ల_కడప:
అందరికీ నమస్తే. నేను కడప జిల్లాలో బీఎస్సీ ఫైనలియర్, మ్యాథ్స్-కెమిస్ట్రీ-జియాలజీ. ఫస్టియర్‌లో జియాలజీ అంటే ఏందో తెలీకుండానే చేరినా, ఇప్పుడు వేరే పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. పోయిన నెల మా సార్ వేంపల్లె వైపు ఫీల్డ్‌కి తీసకపోయి డోలమైట్‌లో స్ట్రొమటోలైట్లు చూపించినారు, ఉల్లిగడ్డ అడ్డంగా కోస్తే కనపడే పొరల మాదిరి ఉండాయి, వంద కోట్ల ఏండ్లకు ముందే సముద్రంలో సూక్ష్మజీవులు కట్టినవంట, మేము రోజూ బస్సులో పోయే దారి పక్కనే ఉండాయి అవి.

మా నాయన బీఎడ్ చేయమంటాండాడు, లేదంటే ఎంసీఏ. ఎమ్మెస్సీ జియాలజీ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజంగా ఉద్యోగాలు ఉండాయా? ఇక్కడే యూనివర్సిటీలో చేరాల్నా, ఐఐటీల ఎమ్మెస్సీ ఎంట్రన్స్ జామ్ రాసి ఐఐటీకి పోవాల్నా? ఆడపిల్లలకు ఫీల్డ్ వర్క్ ఎట్ల ఉంటాది? ఈ పనిలో ఉన్నోళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సుత్తి_ఓరుగల్లు:
చెల్లీ, నేను జీఎస్‌ఐలో, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాల, జియాలజిస్టుని, ఉస్మానియాల ఎమ్మెస్సీ చేసిన. మీ నాన్నకి చెప్పాల్సిన మొదటి మాట ఏందంటే ఎమ్మెస్సీ జియాలజీ లాంటివి చదివినోళ్ల కోసమే యూపీఎస్సీ విడిగ ఒక పరీక్ష పెడ్తది, కంబైన్డ్ జియో-సైంటిస్ట్ అంటరు. బీటెక్ వాళ్లు, ఎంబీఏ వాళ్లు దాంట్లకి రాలేరు. జీఎస్‌ఐల జియాలజిస్ట్, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డుల సైంటిస్ట్ పోస్టులు, గ్రూప్ ఎ, లెవెల్ 10, బేసిక్ 56,100. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటది. ఎమ్మెస్సీ ఫైనలియర్‌ల ఉన్నా అప్లై చెయ్యొచ్చు. ప్రిలిమ్స్ ఆబ్జెక్టివ్, జనరల్ స్టడీస్ 100, జియాలజీ 300. మెయిన్స్ మూడు పేపర్లు ఒక్కోటి 200, అన్ని రాత పేపర్లే, బొమ్మలు గియ్యాలె, సెక్షన్లు గియ్యాలె, ఆ తర్వాత 200 మార్కులకి ఇంటర్వ్యూ. పోస్టుల సంఖ్య ఏటా ఒక్క తీరుగ ఉండదు, ఒక ఏడు బాగుంటది ఒక ఏడు చాలా తక్కువొస్తయి, అందుకే ఇదొక్కదాని మీదనే కూసోవద్దు.

సెలెక్ట్ అయితే ట్రైనింగ్ హైదరాబాద్ బండ్లగూడలనే, జీఎస్‌ఐ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడ ఉన్నది. తర్వాత పని ఎట్లుంటదంటే, జియోకెమికల్ మ్యాపింగ్ అనుకో, అంటే ఏ చోట మట్టిల ఏ మూలకాలున్నయో మ్యాపు గీసుడు, టోపోషీట్‌ని (సర్వే మ్యాపుని) గళ్లుగ విడగొట్టి ప్రతి గడిల వాగు కాడికి పోయి ఇసుక, మట్టి తీసి జల్లెడ పట్టి సంచిల కట్టి నంబర్ రాస్తం. వాగు ఎండిపోయి ముండ్లకంప కమ్ముకున్నా అక్కడికే పోవాలె, వేరే కాడ తీస్తే ఆ మ్యాప్ అబద్ధం అయితది. ఆ మ్యాపుల మీదనే తర్వాత బంగారం, లిథియం వెతుకులాట నడుస్తది. నెలల తరబడి క్యాంపుల ఉండుడు, నెట్‌వర్క్ ఉండదు, అది ఇష్టం లేకపోతే ఈ ఉద్యోగం కష్టమే.

ఇంకోటి, నువ్వు చూసిన వేంపల్లె డోలమైట్ ఉన్నది చూడు, తుమ్మలపల్లె యురేనియం ఉన్నది దాంట్లనే. అటువంటి ఖనిజాలు వెతికే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ హెడ్డాఫీసు బేగంపేటల ఉన్నది. భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ, ఇనుప గనుల ఎన్‌ఎండీసీ, ఉపగ్రహ చిత్రాల ఎన్‌ఆర్‌ఎస్‌సీ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ గూడ హైదరాబాద్‌లనే. ఇన్ని ఆఫీసులు ఒక్క ఊర్లనే ఉన్నయి, ప్రాజెక్టు కోసం మెయిల్ పెట్టుకుంటూ పో, ఒకరు కాకుంటే ఒకరు రమ్మంటరు.

బోరుపాయింట్:
పై అన్న గవర్నమెంట్ వైపు చెప్పారు, నేను భూగర్భ జలాలు చేస్తాను, అనంతపురం సత్యసాయి జిల్లాల్లో ప్రైవేటుగా సర్వేలు. ఇక్కడ పనికి కరువే లేదు ఎందుకంటే ఎనిమిది వందలు వెయ్యి అడుగులు వేసి ఎండిపోయిన బోర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి, రైతు అప్పు చేసి వేస్తాడు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే ఆయన లేచి నిలబడింది అన్నచోట వేస్తాడు. గ్రానైట్ నేలలో నీళ్లు రాయిలో ఉండవమ్మా, పైనున్న కుళ్లిన పొరలో, కింద పగుళ్లలో ఉంటాయి, ఆ పగులు మనకి తగలాలి. నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ సర్వేలో నాలుగు ఇనుప కడ్డీలు వరసగా పాతి బయటి రెండిట్లో కరెంటు పంపిస్తాం, లోపలి రెండిట్లో వోల్టేజీ చూస్తాం. బయటి కడ్డీలు దూరం జరిపే కొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. గట్టి రాయి అయితే రీడింగు వేలల్లోకి పోతుంది, తడి పగులున్న చోట గ్రాఫు కిందికి వంగుతుంది. అయినా నూటికి నూరు గ్యారంటీ అని రైతుకి ఎప్పుడూ చెప్పకూడదు, చెప్పేవాణ్ణి నమ్మకూడదు. కొన్ని పొలాల్లో ఇక్కడ వెయ్యొద్దు అని చెప్పి పంపేస్తాను, డబ్బు మిగిలిందని ఆ రైతే ఇంకో నలుగుర్ని పంపిస్తాడు.

సంపాదన మొదట్లో అంతంతమాత్రం, నెలజీతం లాంటిది కాదు, వేసవిలో ఊపిరాడదు వానల్లో ఖాళీ. రాష్ట్ర భూగర్భ జల శాఖల్లో కూడా పోస్టులుంటాయి, నోటిఫికేషన్ వస్తే వదలకు.

గోదారి_మడ్‌లాగర్:
ఆయిల్ వైపు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తానండి. కేజీ బేసిన్‌లో, అంటే కృష్ణా గోదావరి ప్రాంతపు ఆయిల్ బావుల దగ్గర, మడ్ లాగర్‌గా మొదలెట్టాను. బోరు తవ్వుతుంటే లోపలికి పంపే బురద ద్రవాన్ని మడ్ అంటాం, దానితో పాటు రాతి ముక్కలు పైకొస్తాయి, షేకర్ అనే జల్లెడ మీద పడతాయి, వాటిని కడిగి మైక్రోస్కోప్ కింద పెట్టి షేలా (బంకమట్టి రాయి) ఇసుకరాయా అని చూసి లాగ్ రాయాలి, గ్యాస్ రీడింగు మీద కన్నేసి ఉంచాలి, ఉన్నట్టుండి పెరిగిందంటే వెంటనే డ్రిల్లర్‌కి చెప్పాలి, ఆలస్యమైతే రిగ్ మీదున్న అందరికీ ప్రమాదమే. పన్నెండు గంటల షిఫ్టు. ఆ మడ్ బరువు పెంచడానికి కలిపే పొడి బెరైటీస్, అది మీ మంగంపేటలో తవ్వేదేనమ్మా, మీ వైపు రాయి లేకపోతే రిగ్గులు నడవవు.

డబ్బు బాగానే ఉంటుంది, గల్ఫ్‌కి వెళ్తే ఇంకా బాగుంటుంది కానీ క్రూడ్ ధర పడిందంటే ముందు పోయేది కాంట్రాక్టు వాళ్ల ఉద్యోగాలే, 2015లో చూశాం మళ్లీ 2020లో చూశాం. అందుకని ఈ లైన్‌లోకి వచ్చేవాళ్లు మొదటి రెండేళ్ల జీతం ఖర్చు పెట్టెయ్యకుండా దాచుకోవాలి, గేట్ కూడా రాసి పెట్టుకోవాలి. పబ్లిక్ సెక్టార్ కంపెనీలు నోటిఫికేషన్ బట్టి ఆ స్కోరు అడుగుతుంటాయి.

కోర్‌బాక్స్_అక్క:
ఆడపిల్ల ప్రశ్నకి నేను చెప్తా. నేను ఖనిజాన్వేషణ కంపెనీలో పని చేస్తున్నాను, ఆంధ్రా యూనివర్సిటీలో చదివాను. గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లని భూగర్భ గనుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు, 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించింది, టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకి పగటిపూట మన రాతపూర్వక అంగీకారంతో దిగొచ్చని అప్పుడు చెప్పింది. కాబట్టి దారి తెరుచుకుంది, కానీ సైట్లన్నీ ఇంకా తయారుగా లేవు. నేను పని చేసిన ఒక డ్రిల్లింగ్ సైట్‌లో ఆడవాళ్లకి బాత్‌రూమ్ లేదు, అడిగితే ఊళ్లో ఎవరింటికైనా వెళ్లమన్నారు. నేను రాతపూర్వకంగా అడిగాను, కట్టించేదాకా ఊరుకోలేదు. ఆఫర్ వచ్చినప్పుడే బస ఎక్కడ, బండి ఎవరిస్తారు, ఇంకో ఆడమనిషి ఉంటుందా అని అడుగు చెల్లీ, అడగడానికి మొహమాటపడొద్దు.

పని మాత్రం నాకు ప్రాణం. డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీని కోర్ అంటాం, అది పెట్టెలో వరసగా పేర్చి ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు అంతా బూడిద రంగే, నీళ్లు చల్లగానే సిరలు, సల్ఫైడ్ ఖనిజాల మెరుపు, పగుళ్లు అన్నీ బయటపడతాయి. ఒక యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగితే సున్నపురాయి, గీరి పొడి చేస్తేగానీ పొంగకపోతే డోలమైట్ అని అనుమానించాలి. లిథియం లాంటి కీలక ఖనిజాల కోసం పెట్టిన క్రిటికల్ మినరల్స్ మిషన్‌కి 2025 జనవరిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదం ఇచ్చాక అన్వేషణ పనులు పెరుగుతున్నాయి, ప్రైవేటు ఏజెన్సీలకి కూడా పని ఇస్తున్నారు.

యూనివర్సిటీ సంగతి. జామ్ జియాలజీ పేపర్ తప్పకుండా రాయి, ఖర్చు ఫీజు వరకే కదా. ధన్‌బాద్, బొంబాయి, ఖరగ్‌పూర్, రూర్కీ వస్తే వెళ్లిపో, ల్యాబులు, క్యాంపస్ ఉద్యోగాలు అక్కడ మెరుగు. రాకపోతే పీజీసెట్‌తో ఆంధ్రాలోనో, తిరుపతి ఎస్వీలోనో, మీ యోగి వేమనలోనో చేరు, తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ ఉంది, అంటే చాలా పాత రాళ్ల మీద ఎంతో కాలం గ్యాప్ తర్వాత కొత్త పొరలు కూర్చున్న హద్దు, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి, అంత దగ్గర్లో అలాంటివి ఐఐటీ వాళ్లకి కూడా దొరకవు. ఎక్కడ చేరినా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకో, మీ నాన్నగారు ఎంసీఏ అంటున్నది పూర్తిగా తీసిపారేసే మాట కాదు, ఇప్పుడు ప్రతి కంపెనీ ఇవి అడుగుతోంది.

పెర్త్‌లో_తెలుగోడు:
అక్క చెప్పింది కరెక్ట్. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇనుము గనుల్లో చేస్తున్నా, ఎనిమిది రోజులు సైట్, ఆరు రోజులు ఇల్లు, విమానంలో తీసుకెళ్లి తీసుకొస్తారు. మన దేశంలో కొన్నేళ్లు డ్రిల్లింగ్ అనుభవం ఉంటే ఇక్కడ విలువ ఉంటుంది, ఒట్టి డిగ్రీ పట్టుకుని రావద్దు.

రాళ్లపిల్ల_కడప:
అందరికీ చానా థ్యాంక్స్. యూపీఎస్సీ సంగతి చెప్తే మా నాయన నోటిఫికేషన్ చూపించమన్నాడు, పాతది డౌన్‌లోడ్ చేసి ఇచ్చినా, ఒక్కో పేజీ చదువుతాండాడు. జామ్ రాస్తా, పీజీసెట్ కూడా రాస్తా. ఈలోగా ఏం మొదలుపెట్టాల?

సుత్తి_ఓరుగల్లు:
మంచిగ అయింది. పది రెట్లు పెద్దగ చూపే హ్యాండ్ లెన్స్ ఒకటి కొను, ఫోన్‌ల కంపాస్ చాలదు, మీ డిపార్ట్‌మెంట్‌ల బ్రంటన్ (జియాలజీ కంపాస్) ఉంటది, సార్‌ని అడిగి స్ట్రైక్, డిప్, అంటే రాతి పొర ఏ దిక్కు సాగింది, ఎంత వాలింది, తీసుడు చేతికి అలవాటు చేసుకో. పాత జామ్ పేపర్లు టైం పెట్టుకుని రాయి. ఫీల్డ్ నోట్‌బుక్‌ల పెన్సిల్‌తోనే రాయి, పెన్ను చెమటకీ వానకీ చెరిగిపోతది.