పర్-సీపీయూ లెక్కని వేగంగా పెంచడం ఎలా? (లినక్స్ కెర్నల్)

సి_పిచ్చోడు: డ్రైవర్‌లో ప్యాకెట్లు లెక్కపెట్టడానికి ఒక అరే పెట్టాను, కోర్‌కి ఒక 8 బైట్ల గడి. ఎస్‌ఎంపీ_ప్రాసెసర్_ఐడీ ఇచ్చే నంబరే (ఇప్పుడు కోడ్ నడుస్తున్న కోర్ నంబర్) ఇండెక్స్. లాక్ ఎక్కడా లేదు, అయినా కోర్లు పెంచేకొద్దీ నెమ్మదిస్తోంది. ఎందుకంటారు?

క్యాష్‌లైన్: ఆ గళ్ళన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదండీ. 64 బైట్ల క్యాష్ లైన్ (కోర్ ఒకేసారి క్యాష్‌లోకి తెచ్చుకునే మెమరీ ముక్క) ఒక్కదాంట్లో 8 కోర్ల లెక్కలు పడతాయి. ఒక కోర్ తన గడిలో రాయాలంటే మొత్తం లైన్‌ని పక్క కోర్ దగ్గర్నుంచి లాక్కోవాలి. ఫాల్స్ షేరింగ్ అంటే ఇదే. అరే తీసేసి డిఫైన్_పర్_సీపీయూ మాక్రో వాడండి, ఒక్కో కోర్ కాపీ వేరే చోట ఉంటుంది.

రింగ్_జీరో: పైన చెప్పింది సగమేనండి, అసలు లాభం ఎక్స్86-64లో చూడాలి. అక్కడ కెర్నల్ నడుస్తున్నప్పుడు జీఎస్ అనే సెగ్మెంట్ రిజిస్టర్ బేస్‌లో ఆ కోర్ తాలూకు పర్-సీపీయూ బేస్ ఉంటుంది, కాబట్టి దిస్_సీపీయూ_ఇంక్ అని రాస్తే జీఎస్‌తో కలిపి ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ వస్తుంది, నేను ఏ కోర్ మీద ఉన్నానని అడగక్కర్లేదు, లాక్ ప్రిఫిక్స్ (వేరే కోర్లు మధ్యలో దూరకుండా చేసేది) అసలే అక్కర్లేదు. మీ పద్ధతిలో నంబర్ చదివాక, గడిలో రాసేలోపు షెడ్యూలర్ మిమ్మల్ని ఇంకో కోర్‌కి మార్చేస్తే వేరేవాళ్ళ లెక్క పాడవుతుంది. ఒకే ఇన్‌స్ట్రక్షన్ అయితే మధ్యలో ఇంటరప్ట్ కూడా దూరలేదు.

సి_పిచ్చోడు: ఆర్మ్64లో కూడా ఇంతేనా?

రింగ్_జీరో: కాదండి. అక్కడ కోర్ కాపీ ఆఫ్‌సెట్ టీపీఐడీఆర్_ఈఎల్1 రిజిస్టర్‌లో ఉంటుంది (వీహెచ్‌ఈ అనే వర్చువలైజేషన్ సదుపాయం ఉంటే టీపీఐడీఆర్_ఈఎల్2). దాన్ని చదవడం, అడ్రస్ కట్టడం, పెంచడం వేర్వేరు మెట్లు కాబట్టి దిస్_సీపీయూ_ఇంక్ మాక్రోనే లోపల ప్రీఎంప్షన్ (షెడ్యూలర్ మధ్యలో పని మార్చేయడం) ఆపి, అటామిక్‌గా, అంటే విడదీయరాని ఒక్క పనిగా పెంచుతుంది. మీ కోడ్ మాత్రం మారదు.

ఆర్‌టీ_అభిమాని: ఒక్క లెక్క కాకుండా మూడు నాలుగు ఫీల్డులు కలిపి మార్చాలంటే గెట్_సీపీయూ_వార్ వాడతారు చాలామంది. అది ప్రీఎంప్షన్ ఆపేస్తుంది, ప్రీఎంప్ట్_ఆర్‌టీ (రియల్‌టైమ్) కెర్నల్‌లో స్పిన్‌లాక్ నిద్రపోయే లాక్ (దొరికేదాకా టాస్క్ నిద్రపోతుంది) కాబట్టి ఆ మధ్యలో దాన్ని తీసుకోకూడదు. కెర్నల్ 5.8 నుంచి లోకల్_లాక్ ఉంది, దయచేసి అది వాడండి.

సి_పిచ్చోడు: మొత్తం చూపించాలంటే ఆన్‌లైన్‌లో ఉన్న కోర్లన్నీ కూడితే చాలా?

క్యాష్‌లైన్: వద్దు, ఫర్_ఈచ్_పాసిబుల్_సీపీయూతో కూడండి. ఆఫ్‌లైన్ చేసిన కోర్ లెక్కించిన ప్యాకెట్లు దాని కాపీలోనే ఉండిపోతాయి, ఆన్‌లైన్ వాటినే కూడితే మొత్తం ఉన్నట్టుండి తగ్గిపోతుంది.