వలపల తప్ప కాడికి రాని పదకొండేళ్ళ పందెం ఎద్దు: ఎంత చెప్పాలి?

కాలువగట్టు అమ్మాయి

అందరికీ నమస్కారమండి. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు ముప్పయ్యేళ్ళుగా పందెం ఎడ్లు మేపారు. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట వచ్చింది గానీ కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. పాకలో ఇప్పుడు ఒక్క ఎద్దే మిగిలింది, పేరు పెద్దోడు. దానికి ఖరీదు ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు చెప్తారని రాస్తున్నాను.

2017లో నాలుగు పళ్ళ మీద, అంటే మూడేళ్ళ వయసులో, ఉండగా చిన్నోడితో జతగా కొన్నాం. ఒంగోలు జాతే, మరీ పెద్ద ఒళ్ళు కాదు, కాళ్ళు పొడుగు. ఇప్పుడు పదకొండు నడుస్తున్నాయి. పెద్దాపురం, జగ్గంపేట వైపు 1600 మీటర్ల సీనియర్ పందేల్లో రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చారు అన్నదమ్ములిద్దరూ. మూడో బహుమతులైతే చాలా ఉన్నాయి. 2021లో జతకి 6 లక్షలు ఇస్తామని వస్తే నాన్న కాఫీ ఇచ్చి పంపేశారు. పోయిన వినాయక చవితి ముందు చిన్నోడికి గడ్డివాము దగ్గర పాము ముట్టింది. తెల్లారేసరికి లేదు. అప్పటి నుంచి పెద్దోణ్ణి పందెం బండికి కట్టలేదు. వారానికి రెండు రోజులు మా పాలేరు కాలువ గట్టు మీద నడిపించి తెస్తాడు, అంతే.

ఇక దాని గుణాలు చెప్పాలి. వలపల, అంటే కుడి పక్కన, తప్ప కాడి కిందికి రాదు. దాపల, అంటే ఎడమ పక్కన, కడితే రెండడుగులు వేసి కూలబడుతుంది, అదిలించినా లేవదు. పైగా జతది ముందు కాడికి రావాలి, ఆ తర్వాతే ఇది మెడ ఇస్తుంది. ముందు దీన్ని కట్టామా, కాడి పట్టుకున్న మనిషితో సహా వెనక్కి నడుస్తుంది. గొడుగు తెరిస్తే బెదురు. మైకు కీచుమంటే తల విదిలిస్తుంది. ఈ మధ్య మైకు లేకపోయినా విదిలిస్తోంది, కుడి కొమ్ము గుంజకి రాస్తోంది. వయసు మీద పడి చాదస్తం ఎక్కువైందని అనుకుంటున్నాం.

అన్నిటికంటే ముఖ్యమైనది బయల్దేరే ముందు. గీత దగ్గర ఎవరెంత అరిచినా కదలదు. నాన్న బండి దిగి, భుజం మీద తువ్వాలు తీసి దాని ముక్కు దగ్గర పెడతారు. అది రెండుసార్లు గట్టిగా వాసన పీల్చి ఉఫ్ మని ఊదుతుంది. ఆ తువ్వాలు మూపురం మీద ఒకసారి పరిచి తీసేస్తారు. అంతే, ఆయన మళ్ళీ బండెక్కేలోపే చెవులు రెండూ ముందుకి నిక్కుతాయి. నీళ్ళ బకెట్ పట్టుకుని పక్కనే నిలబడి ఎన్నిసార్లు చూశానో. టైము రాసేవాళ్ళు విసుక్కునేవారు, నాన్న మాత్రం ఎప్పుడూ ఆ పని తొందరగా చెయ్యలేదు.

ఇప్పటికి ఇద్దరు అడిగారు. ఒక దళారి పాక గుమ్మంలోంచే చూసి 38 వేలన్నాడు. పళ్ళు చూడలేదు, నడిపించమని అడగలేదు. దాన్ని ఎటు తోలతాడో ఆ చూపులోనే అర్థమైంది నాకు. మా మేనమామ 50 వేలిచ్చి కొబ్బరితోటలో ఒంటెద్దు బండికి కడతానంటున్నారు. అది పుట్టాక ఒంటరిగా బండి లాగలేదు.

తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ఈ గుణాలన్నీ చెప్తే ఎవడూ కొనడు, నోరు మూసుకుని అమ్మెయ్ అంటాడు. చెప్పకుండా అమ్మితే కొన్నవాడు మొదటి రోజే కర్ర తీస్తాడని నా భయం. గుణాలు చెప్పి కూడా దానికి తగ్గ ధర వస్తుందా? ఎంత చెప్పమంటారు?

దాపల వలపల

అమ్మా, నాది పెద్దాపురం వైపు. నలభై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మీ ఎద్దుని పందెంలో చూసే ఉంటాను. గీత దగ్గర తువ్వాలు పరిచే మనిషి అనగానే నాకు ఒక ముఖం గుర్తొచ్చింది.

ముందు ఆ 6 లక్షలు మర్చిపోండి. అది జత ధర. ఒకే తీరున అడుగు వేసే రెండు ఎడ్లు కుదరడం ఎంత కష్టమో మీ నాన్నగారికి తెలుసు. జత విడిపోతే మిగిలినదాని ధర సగం కాదు, చాలాసార్లు పావు కూడా రాదు. షీల్డులు కూడా గోడ మీదే ఉండనివ్వండి. కొనేవాడు నిన్నటి పరుగుకి డబ్బివ్వడు, రేపు ఇంకా ఎన్నిసార్లు పరిగెడుతుందో దానికిస్తాడు.

పళ్ళ గురించి ఒక మాట. ఐదేళ్ళు నిండేసరికి ఎనిమిది పళ్ళూ వచ్చేస్తాయి. ఆ తర్వాత పళ్ళు లెక్కపెట్టి వయసు చెప్పలేం, అరుగుదల చూసి ఉజ్జాయింపుగా చెప్పాల్సిందే. మీరు 2017లో నాలుగు పళ్ళ మీద కొన్నామని రాశారు చూశారా, అదే సరైన లెక్క. కొనేవాడికి కూడా అలాగే చెప్పండి. పదకొండంటే పందెంలో ఇంకో రెండేళ్ళు, బాగా చూసుకుంటే మూడు. ఆ రెండేళ్ళకే బేరం. గిట్టలు చూడండి, చీలిక దగ్గర వాసన గానీ పగులు గానీ ఉందేమో. మెడ మీద కాడి పుండు మానిన చోట తోలు మెత్తగా ఉందా, బెరడులా గట్టిపడిందా చూడండి. తర్వాత ఊపిరి. ఒక ఫర్లాంగు పరిగెత్తించి ఆపి, డొక్క ఎగరడం ఎంతసేపటికి తగ్గుతుందో మీరే గడియారం పెట్టుకుని చూడండి. పది, పదిహేను నిమిషాల్లో మామూలైతే మంచి సరుకే.

గుణాల సంగతికి వస్తే, నాకు తగిలిన దెబ్బ చెబుతాను. గోడ నిండా షీల్డులున్న ఎద్దుని ఒక ఆసామి దగ్గర కొన్నాను. "వలపల బాగా వస్తుంది" అన్నాడు గానీ అక్కడితో ఆపేశాడు. ఐదు నెలలు ఉలవలు, పత్తిగింజలు పెట్టి మేపి, నాకు వలపల ఇంకో మంచి ఎద్దు ఉందని దీన్ని దాపల కట్టాను. పందెంలో సగం దూరం పోయాక ఎడమకి గుంజుకుని సరాసరి జనంలోకి పోయింది. ఒక పిల్లాణ్ణి వాళ్ళ తాత చెయ్యి పట్టి లాగబట్టి సరిపోయింది. తర్వాత చూపిస్తే దాని ఎడమ కన్ను మసక. వలపల కడితే ఎడమ పక్కన జతది ఉంటుంది కాబట్టి దాని ఆసరాతో నడిచేది. నేను ఆ ఆసరా తీసేసి, కనపడని కన్నుని జనం వైపు పెట్టాను. ఎద్దు తప్పేం లేదు. అందుకే ముందు మీ పెద్దోడి ఎడమ కన్ను చూడండి. గాలి తగలకుండా వేలు దగ్గరికి తెస్తే రెప్ప వెయ్యాలి.

కన్ను బాగుంటే వలపల తప్ప రాకపోవడం వంకే కాదు. ఒక పక్కకి అలవాటైన ఎడ్లు చాలా ఉంటాయి. కాకపోతే దాన్ని కొనగలిగేవాళ్ళు తక్కువ. మంచి దాపల ఎద్దు ఉండి వలపలది పోయిన మనిషి మీకు కావాలి. అలాంటివాడికి పెద్దోడు లక్ష చేస్తుంది. మిగతా అందరికీ యాభై వేల ఎద్దే. మా వైపు అలాంటివాళ్ళు ఇద్దరున్నారు, కనుక్కుంటాను.

తువ్వాలు సంగతి దాచకండి. అమ్మిన రోజున ఆ తువ్వాలు కూడా ఇచ్చెయ్యండి. కొత్త మనిషి రోజూ దాన్నే భుజాన వేసుకుని మేత పెట్టాలి. నెల పడుతుంది, రెండు నెలలు పడుతుంది. అంత ఓపిక లేనివాడికి అసలు ఇవ్వకండి.

పచ్చిగడ్డి డాక్టరు

నేను కోనసీమలో పనిచేస్తున్న పశువైద్యుణ్ణి. ధర నాకు తెలియని విషయం. కానీ మీరు గుణాల మధ్యలో రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మైకు లేకపోయినా తల విదిలించడం, ఒకే కొమ్ము గుంజకి రాయడం చాదస్తం కాదండి. పాత అలవాటు కొత్తగా పెరిగిందంటే నొప్పి ఉందేమోనని అనుమానించాలి.

వయసు మళ్ళిన ఎడ్లకి కొమ్ము క్యాన్సర్ వస్తుంది. మొదట్లో కనపడేవి ఇవే: తల విదిలించడం, ఒక పక్కకి వాల్చడం, కొమ్ము రాయడం. తర్వాత ఆ వైపు ముక్కులోంచి చీము, రక్తం కారుతుంది, కొమ్ము మొదట్లో వదులవుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చెవిలో పిడుదులు చేరినా, చీము పట్టినా ఇలాగే విదిలిస్తుంది, అది చాలా తేలిక. రెండు కొమ్ములూ మొదట్లో వేలితో తట్టి చూడండి, ఒకటి గుల్లగా, ఒకటి మందంగా పలికితే ఆలస్యం చెయ్యకండి. ఎలా పలికినా డాక్టరుకి చూపించండి. చూపించేదాకా ఎవరితోనూ బేరం మాట్లాడకండి.

ఇంకో రెండు చూడండి. పొద్దున్నే లేవగానే మొదటి నాలుగడుగులు గమనించండి. వెనకకాలు చాచినట్టు బిగుసుకుపోయి, ఈడ్చి, ఒక్కసారిగా ఎగరేసినట్టు వదులుతోందా? అది మోకాలి చిప్ప పట్టెయ్యడం. చిన్న కోతతో నయమవుతుంది, కానీ కొనేవాడు చూస్తే ధర సగానికి తెగ్గొడతాడు. రెండోది, ఎప్పుడైనా గాలికుంటు వచ్చి తగ్గిందా? అలా తగ్గిన పశువుల్లో కొన్ని తర్వాత ఎండకి తట్టుకోలేవు, నీడలో ఉన్నా రొప్పుతూనే ఉంటాయి. పై పోస్టులో పెద్దాయన చెప్పిన ఊపిరి పరీక్ష చల్లపూట ఒకసారి, కాస్త ఎండెక్కాక కొంచెం దూరమే ఇంకోసారి చెయ్యండి. చల్లపూట ఊరికే నిలబడిన ఎద్దు నిమిషానికి 20, 30 మధ్య ఊపిరి తీస్తుంది.

రెండు పళ్ళ కోడె

అక్కా, నేను మండపేట దగ్గర. రెండేళ్ళ క్రితమే మొదలుపెట్టాను, కాబట్టి పెద్దాయన చెప్పినదానికి అడ్డు చెప్పేంత వాణ్ణి కాదు. కానీ ఇంకో రెండేళ్ళ పరుగే దాని ధర అంటే నేను ఒప్పుకోలేను. నా కోడెలకి పరుగు నేర్పింది నేను కాదు, పదమూడేళ్ళ ముసలి ఎద్దు. కోడె బెదిరి పక్కకి పోతే అది తన బరువుతో నిలబెట్టేది. బండి చప్పుడుకి, జనానికి భయపడక్కర్లేదని దాని పక్కన నడిచే నా కోడె నేర్చుకుంది. దానికి నేను 60 వేలు పెట్టాను, ఒక్క పందెంలోనూ కట్టలేదు, ఇప్పటికీ మా పాకలోనే ఉంది. పెద్దోడు పందెం మానేశాక కూడా ఆ పని చేస్తుంది. కొనేవాడికి ఆ మాట కూడా చెప్పండి.

మీ మేనమామ గారికి మాత్రం ఇవ్వొద్దు. జతలో బతికిన ఎద్దు ఒంటెద్దు బండికి దిగులు పడిపోతుంది.

కాలువగట్టు అమ్మాయి

పన్నెండు రోజులు పట్టింది మళ్ళీ రాయడానికి. అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను, ముఖ్యంగా డాక్టరు గారికి.

ఆ రాత్రే టార్చిలైటు వేసి కొమ్ములు తట్టాను. చెయ్యి వణికి నాకేమీ తేడా తెలియలేదు. మర్నాడు మా మండలం డాక్టరు వచ్చి చూశారు. కొమ్ములు రెండూ గట్టిగానే ఉన్నాయి. కుడి చెవి లోపల, మడత కింద, గుత్తిగా పిడుదులు. పెసరగింజంత లావెక్కినవి తొమ్మిది తీశారు. కింద పుండు పడి చీము పట్టింది. ఇంజక్షన్లు చేసి, చెవిలో వెయ్యడానికి మందిచ్చారు. నాలుగో రోజుకి విదిలించడం తగ్గింది, ఇప్పుడు లేదు. నెలల తరబడి అది నొప్పితో తల కొట్టుకుంటుంటే మేం చాదస్తం అనుకున్నాం. నాన్నకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. ఆయన లేచి తిరిగిన రోజుల్లో రోజూ చెవులు వేళ్ళతో తడిమి చూసేవారు. ఆ పని మాకెవరికీ తట్టలేదు.

కన్ను బాగుంది. కాళ్ళు బాగున్నాయి. గాలికుంటు దీనికి ఎప్పుడూ రాలేదని నాన్న చెప్పారు. పొద్దున్న ఐదున్నరకి పాలేరు గట్టు మీద ఫర్లాంగు దూరం పరిగెత్తించాడు. నేను డొక్క మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. పదమూడు నిమిషాలకి 28కి వచ్చింది. ఎండెక్కాక ఇరవై నిమిషాలు దాటింది, ఆ మాట కూడా కొనేవాళ్ళకి చెప్పాను.

దాపల వలపల గారు పంపిన ఇద్దరిలో ఒకాయన మొన్న వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. ఆయన వలపల ఎద్దు చనిపోయి ఎనిమిది నెలలైంది. పాకలోకి వచ్చి పెద్దోడి ముందు ఊరికే నిలబడ్డారు, అదే వచ్చి ఆయన చెయ్యి వాసన చూసేదాకా ముట్టుకోలేదు. నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది. గుణాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, చెవి సంగతితో సహా. ఆయన చదివి, నాన్న పక్కన అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగారు. నాన్న ఎడమ చేత్తో తువ్వాలు ఎలా పరవాలో చూపించారు. ఆరోగ్యం చెడ్డాక ఆయన అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

నేను లక్ష చెప్పాను. ఆయన 80 అన్నారు. ఇక్కడ మండపేట తమ్ముడు చెప్పినట్టు, పందెం అయిపోయాక కోడెల పక్కన నడిపిస్తారా, దళారికి మాత్రం ఇవ్వనని మాటిస్తారా అని అడిగాను. ఇస్తానన్నారు. 85 దగ్గర ఆగాం. జత కుదిరితేనే డబ్బు తీసుకుంటానని నేనే చెప్పాను, కుదరకపోతే ఎవరికీ బాకీ లేదు.

ఆదివారం పొద్దున్న ఆయన తన దాపల ఎద్దుని వ్యానులో తెస్తున్నారు. గట్టు మీద మా పాత బండికే కట్టి చూస్తాం. ముందు ఆయనదాన్నే కాడికి కట్టమని రెండుసార్లు చెప్పాను.