సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడే చిన్నపిల్లలకు బంతుల లెక్క ఉండాలా?

గంటస్తంభం నాన్న (విజయనగరం):
మా పాప ఏడో తరగతి, స్కూల్ సాఫ్ట్‌బాల్ జట్టులో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసేది. అండర్-14 సెలెక్షన్స్ దగ్గరపడ్డాయని రెండు పూటలా బంతులు వేయిస్తున్నారు. మొన్న భుజం పట్టేసి అన్నం ఎడమ చేత్తో తింది. సార్‌ని అడిగితే "సాఫ్ట్‌బాల్ కింద నుంచి వేసేది కదండీ, చేతికేమీ అవదు" అన్నారు. రోజుకి ఇన్ని బంతులే అని లెక్క ఉండాలా? ఉండాలంటే మన చిన్న స్కూళ్లలో అది జరిగే పనేనా?

రాజాం పీఈటీ:
జరగదండి. జెడ్పీ స్కూల్లో తొమ్మిదిమందిని పోగెయ్యడమే గగనం. వాళ్లలో బంతి సరిగ్గా బ్యాటర్ దగ్గరుండే ప్లేట్ మీదుగా పోయేలా వేసే పిల్ల ఒక్కతే ఉంటుంది. ఆ పిల్లని కూర్చోబెడితే మ్యాచ్ ఆగిపోతుంది. ఇన్ని రూల్స్ పెడితే మాబోటి వాళ్లం ఈ ఆట మానేసి ఖోఖో ఆడించుకుంటాం. సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందని ఆశపడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాళ్లకి నష్టం. మన ఆమదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చారు. అన్నీ అమరాకే మొదలుపెట్టారా?

బొబ్బిలి ఫిజియో:
మాస్టారూ, వెయిట్‌లిఫ్టింగ్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ వెళ్లి చూడండి. ఏ పిల్ల ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తిందో చూసుకోకుండా బార్ మీద ఇంకో ప్లేట్ వెయ్యరు. బరువుకి ఉన్న లెక్క బంతికి ఎందుకు ఉండకూడదు?

అమెరికాలో లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 2007 నుంచి ఈ లెక్క ఉంది. 9-10 ఏళ్ల వాళ్లకి రోజుకి 75 బంతులు, 11-12కి 85, 13-16కి 95. పద్నాలుగేళ్లలోపు పిల్లాడు ఒక రోజు 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే మళ్లీ వెయ్యడానికి నాలుగు రోజులు ఆగాలి. 41 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేసిన పిచర్‌ని ఆ రోజు ఇక క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టడానికి, నిలబెట్టకూడదు, ఎందుకంటే పిచర్ తర్వాత ఎక్కువ బంతులు విసిరేది క్యాచరే. ఈ వయసులో ఎముక చివర పెరిగే భాగం, అదే గ్రోత్ ప్లేట్, ఇంకా గట్టిపడదు. పెద్దవాళ్లకి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) తెగే చోట పిల్లలకి ఆ ఎముకే లాగినట్టు విడుతుంది. ఫలానా బంతితో అయిందని చెప్పలేం, రోజురోజుకీ పోగవుతుంది.

రాజాం పీఈటీ:
మీరు చెప్పినదంతా బేస్‌బాల్ లెక్క. ఆయన అడిగింది సాఫ్ట్‌బాల్ గురించి.

బొబ్బిలి ఫిజియో:
నిజమే, ఆ అంకెలు నేరుగా పనికిరావు. అలాగని "కింద నుంచి వేసేది కాబట్టి ఏమీ అవదు" అన్నది కూడా తప్పే. చెయ్యి గిర్రున తిప్పి వదిలేటప్పుడు భుజం ముందువైపు బైసెప్స్ టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు) మీద గట్టి లాగుడు పడుతుంది. సాఫ్ట్‌బాల్ పిచర్లలో ఆ చోట నొప్పి తరచూ కనిపిస్తుంది. పాప ఎడమ చేత్తో తిందంటే ఇక లెక్క సంగతి తర్వాత, ముందు బంతి ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. నొప్పి మాత్ర వేసి మళ్లీ గ్రౌండ్‌లోకి పంపకండి.

పాత క్యాచర్ (శ్రీకాకుళం):
భుజం గురించే మాట్లాడుతున్నారు, నాకు హెల్మెట్ భయం. సాఫ్ట్‌బాల్ పేరుకే సాఫ్ట్, బరువు 180 గ్రాముల పైమాటే, క్రికెట్ బంతి కన్నా ఎక్కువ. చాలాచోట్ల జట్టుకి ఉన్న ఒకే హెల్మెట్ బ్యాటర్ పెట్టుకుంటే బేస్ మీదున్న రన్నర్ ఉత్త తలతో పరిగెడతాడు. క్యాచర్‌కి మాస్క్ ఉంటే ఛాతీ గార్డు ఉండదు. గుండె మీద బంతి సరిగ్గా ఒక క్షణంలో తగిలితే, అది పెద్ద దెబ్బ కాకపోయినా, గుండె కొట్టుకోవడం ఆగిపోవచ్చు. అప్పుడు 108 వచ్చేదాకా ఛాతీ నొక్కడం తెలిసినవాడు గ్రౌండ్‌లో ఒక్కడైనా ఉండాలి. సామాను లేని రోజు టెన్నిస్ బంతితో ఆడించండి, మాస్టారూ. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వనివ్వండి.

పలాస గాలి:
ఏప్రిల్‌లో పదకొండు గంటలకి మ్యాచ్ పెట్టేవాళ్లని ముందు అడగండి. మన తీరంలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా క్యాచర్‌కి ఆ గార్డులన్నీ.

నరసన్నపేట అమ్మ:
ఇంకొకటి కూడా ఉంది, ఎవరూ ఎత్తట్లేదు. టోర్నమెంట్ అని ఆడపిల్లల్ని వేరే ఊరు తీసుకెళ్తారు. వెంట ఆడ టీచర్ ఉండరు, రాత్రి పడక ఎక్కడో చెప్పరు, ఫోన్లు లాక్కుంటారు. ఇలాంటప్పుడు నేను మా అమ్మాయిని పంపను, సర్టిఫికెట్ పోయినా సరే.

రాజాం పీఈటీ:
అమ్మా, అందరు మాస్టార్లనీ ఒకే గాటన కట్టకండి.

నరసన్నపేట అమ్మ:
కట్టట్లేదండి. మంచి మాస్టారికి కూడా వెంట ఇంకో పెద్దమనిషి ఉంటేనే రక్షణ. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. "స్కూల్ పరువు" అని సర్దేసేవాళ్లకి ఇది తెలియాలి. పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ కంఠస్థం చేయించండి.

రాజాం పీఈటీ:
సరే, ఆడ టీచర్ లేకుండా ఇకపై జట్టుని బయటికి తీసుకెళ్లను. హెడ్మాస్టర్ గారు ఒప్పుకోకపోతే వెళ్లం. హెల్మెట్ మాటా ఒప్పుకుంటాను. బంతుల లెక్క దగ్గరే నాకు కుదరట్లేదు. రెండో పిచర్‌ని తయారుచెయ్యడానికి ఏడాది పడుతుంది, సెలెక్షన్స్ వచ్చే నెల. ఈ నెల ఏం చెయ్యమంటారు?

బొబ్బిలి ఫిజియో:
ప్రాక్టీస్‌లో సగం కొయ్యండి. రెండు పూటలా కాకుండా రోజు విడిచి రోజు వేయించండి. మ్యాచ్‌లో ఆ పిల్ల అలిసిపోతే వచ్చినంతలో ఇంకో పిల్లతో వేయించండి. ఓడిపోవచ్చు.

రాజాం పీఈటీ:
ఓడితే ఎంఈఓ ఆఫీసులో మాట పడేది నేను, మీరు కాదు.

గంటస్తంభం నాన్న (విజయనగరం):
సోమవారం డాక్టర్‌కి చూపిస్తున్నాం, అప్పటిదాకా పాప గ్రౌండ్‌కి వెళ్లదు. మా సార్ కూడా రాజాం మాస్టారు చెప్పినట్టే అంటున్నారు, వేరే పిచర్ లేదని.

రాజాం పీఈటీ:
మీ సార్ మీద కోపం పెట్టుకోకండి. మా దగ్గర అంపైర్, స్కోరర్, నీళ్లు మోసేవాడు అన్నీ నేనే. తల్లిదండ్రుల్లో ఎవరైనా సాయంత్రం గంటసేపు వచ్చి గోడ దగ్గర కూర్చుని బంతులు రాస్తామంటే నోట్‌బుక్ నేనే కొంటాను.