చంటిపిల్లలతో ఇల్లు మారుతున్నాం: విక్టోరియన్ టెర్రసా, ఎడ్వర్డియన్ ఇల్లా, 1930ల సెమీనా? (రీడింగ్, ఇంగ్లండ్)

శ్రీలత (ప్రశ్న)

నమస్కారం అండి. మేం రీడింగ్‌లో ఉంటాం. పాపకి ఈమధ్యే నాలుగు నిండాయి, బాబుకి ఎనిమిది నెలలు. ఇప్పుడుంటున్నది రెండో అంతస్తులో అద్దె ఫ్లాట్, లిఫ్టు లేదు. చంకలో బాబు, ఒక చేత్తో ప్రామ్ (చంటిపిల్లల బండి), వెనకాల పాప... ఇంక నావల్ల కావడం లేదు. కొనుక్కుందామని ఇళ్ళు చూస్తున్నాం. వడపోయగా మూడు మిగిలాయి, మూడూ పాతకాలపువే.

మొదటిది న్యూటౌన్‌లో, 1880ల నాటి విక్టోరియన్ టెర్రస్, అంటే గోడలు కలిపి వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి. హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం కట్టిన వీధులవి. ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుకలతో గీతలు దిద్దిన గోడలు, చూడముచ్చటగా ఉంది. వీధి తలుపు తీస్తే నేరుగా ముందుగదిలోకే అడుగు పెడతాం. బాత్‌రూమ్ కింద, వంటింటి వెనక. అడిగేది 3,60,000 పౌండ్లు. మా నాన్నగారు కోరుకునే తూర్పు వాకిలి దీనికొక్కదానికే ఉంది.

రెండోది కేవర్షమ్‌లో ఎడ్వర్డియన్ ఇల్లు, 1908 నాటిది. వెడల్పైన నడవా, ఎత్తైన కప్పు, రంగుటద్దాల తలుపు, పైకీ కిందికీ జరిపే పాత సాష్ కిటికీలు అలాగే ఉన్నాయి. మావారి మనసంతా దీని మీదే. 4,95,000.

మూడోది టైల్‌హర్స్ట్‌లో 1930ల సెమీ, అంటే మధ్య గోడ ఒకటే ఉన్న జంట ఇళ్ళలో ఒకటి. ఒక పెద్దాయన చాలా ఏళ్ళు ఉన్న ఇల్లు. కార్పెట్లు, స్విచ్ బోర్డులు అన్నీ పాతవే. వంటిల్లు చిన్నది, తోట పెద్దది, పక్కనుంచి దారి ఉంది, కింద కూడా ఒక టాయిలెట్ ఉంది. 4,40,000.

నా భయమల్లా చెమ్మ. ఇప్పుడున్న ఫ్లాట్‌లో బీరువా వెనక గోడంతా నల్లబూజు. పోయిన చలికాలం పొడుగునా పాపకి దగ్గు తగ్గలేదు. వేసవిలో అత్తగారూ మామగారూ వస్తారు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మావారికి కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉంది, అది అమ్మే ఉద్దేశం లేదు. ఇక్కడ మాత్రం ఇదే మా మొదటి ఇల్లు. పాత ఇళ్ళల్లో పిల్లల్ని పెంచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పద్మజ

శ్రీలత గారూ, మా ఇద్దరు పిల్లలూ కేట్స్‌గ్రోవ్‌లో విక్టోరియన్ టెర్రస్‌లోనే పుట్టి పెరిగారు. ఇప్పుడు టైల్‌హర్స్ట్‌లో 1930ల సెమీలో ఉంటున్నాం. మీరు చూస్తున్న వాటిలో రెండు రకాల ఇళ్ళూ నేను ఊడ్చి, తుడిచి, వండిన ఇళ్ళే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ భయం సంగతి. విక్టోరియన్ ఇల్లంటేనే చెమ్మ అని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. ఆ గోడలు 9 అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ ఉండదు, సున్నంతో కట్టినవి. మన మండువా ఇళ్ళ డంగు సున్నం లాగే అది తడి పీల్చుకుంటుంది, ఎండకీ గాలికీ వదిలేస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు పైన సిమెంటు పూస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు, గదిలోకి వస్తుంది. మా ముందుగదిలో మోకాలెత్తు వరకు పెయింట్ పొక్కిపోయి ఉండేది. డ్యాంప్ పని చేసే ఒక కంపెనీ వచ్చి మీటర్ పెట్టి, గోడకి బెజ్జాలు చేసి కెమికల్ ఎక్కించాలని పెద్ద ఎస్టిమేటు ఇచ్చింది. మేం ఆ పని చేయించలేదు. బయటికెళ్ళి చూస్తే అసలు సంగతి కనిపించింది. ఎప్పుడో ఎవరో ముందు పేవింగ్ రాళ్ళు పరిచి నేలని ఎత్తు చేశారు. చెమ్మ పైకి పాకకుండా గోడ అడుగున వేసిన పలక రాయి వరస దాని కింద కూరుకుపోయింది. నేల ఆ వరసకి కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. పేవింగ్ తీయించి నేల దించాం, లోపల సిమెంటు ప్లాస్టర్ గీకించి సున్నం ప్లాస్టర్ చేయించాం. గోడ ఆరడానికి ఏడాది పైనే పట్టింది కానీ మళ్ళీ పొక్కలేదు.

అందుకని న్యూటౌన్ ఇంటికి వెళ్ళినప్పుడు గది లోపల కంటే ముందు బయట గోడ అడుగు చూడండి. అక్కడ చిన్నచిన్న చిల్లులున్న ఇటుకలు కనిపిస్తాయి, ఎయిర్ బ్రిక్స్ అంటారు. చెక్క నేల కిందికి గాలి వెళ్ళే దారి అదే. చల్లగాలి వస్తోందని కొందరు వాటిని మూసేస్తారు. మూసేస్తే నేల కింద దూలాలు కుళ్ళిపోతాయి. గదిలో మడమ మీద గట్టిగా అడుగు వేసి చూడండి, నేల ఊగుతుంటే ఏజెంట్‌ని అక్కడే అడగండి.

ఇక మిగతా సగం, అంటే మన వంట, మన బట్టలు. పొద్దున కుక్కర్, రాత్రి మళ్ళీ అన్నం, చారు మరుగు, చంటివాడి బట్టలు రోజూ రేడియేటర్ మీద. ఆ ఆవిరంతా వెళ్ళి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గోడ మీద నీరవుతుంది. ఘన గోడ త్వరగా చల్లబడుతుంది, కాబట్టి విక్టోరియన్ ఇంట్లో ఈ బాధ ఎక్కువే. మీ ఫ్లాట్‌లో బీరువా వెనక బూజు కూడా చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఏ ఇల్లు కొన్నా ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్ పెట్టించుకోండి. చాలా వంటిళ్ళలో హుడ్ అదే గాలిని వడకట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది, దానివల్ల తాలింపు ఘాటు కూడా పోదు.

కేవర్షమ్ ఇంటి గురించి ఒక్కటే చెప్తాను, కానీ అది గట్టిగా చెప్తాను. 1908 నాటి కిటికీలు అలాగే ఉన్నాయంటే వాటి మీద పొరలు పొరలుగా సీసం పెయింట్ కూడా ఉందనే అనుకోవాలి. 1960ల దాకా ఇక్కడ అది మామూలే, మామూలు జనానికి అమ్మడం పూర్తిగా ఆపింది 1992లో. సాష్ కిటికీ పైకీ కిందికీ జరిపినప్పుడల్లా చెక్కకి చెక్క రాసుకుని పొడి రాలుతుంది. మీ బాబు ఇంకో రెండు నెలల్లో కిటికీ గట్టు పట్టుకుని నిలబడతాడు, ఆ వయసులో గట్టుని కొరకని పిల్లాడు లేడు. పెయింట్ పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే పైన ఇంకో కోటు వేసి ఉంచొచ్చు. పొడిగా ఇసుక కాగితం పెట్టి మాత్రం గీకించకండి. నీళ్ళ పైపు కూడా చూడండి. సింకు కింద లోపలికొచ్చే పైపు బూడిదరంగులో మెత్తగా ఉండి, నాణెంతో గీస్తే వెండిలా మెరిస్తే అది సీసమే. 1970కి ముందు కట్టిన ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. నీటి కంపెనీని అడిగితే టెస్ట్ చేస్తారు.

నన్నడిగితే ఈ వయసు పిల్లలకి టైల్‌హర్స్ట్. కేట్స్‌గ్రోవ్ ఇల్లంటే నాకు ఇప్పటికీ ప్రాణం, చలికాలం సాయంత్రాలు ఆ ముందుగది వెలుగు ఇంకెక్కడా చూడలేదు. కానీ అర్ధరాత్రి పాప అమ్మా బాత్‌రూమ్ అని లేస్తే, చంటివాడు నిద్ర లేవకుండా నిటారు మెట్లు దిగి, ముందుగది దాటి, వంటిల్లు దాటి, వణుకుతూ వెళ్ళాలి. మీ అత్తగారు మోకాళ్ళతో ఆ మెట్లు రోజుకెన్నిసార్లు దిగుతారు? ప్రామ్ ఎక్కడ పెడతారు? మాది సోఫా వెనకే ఉండేది, వాన పడితే చక్రాల బురదంతా కార్పెట్‌కే. సెమీకి వచ్చాక ప్రామ్ పక్కదారిలోంచి తిన్నగా వెనక్కి వెళ్ళిపోయింది. తోటలో గోంగూర కూడా వేశాను, వేసవిలో బాగానే వస్తుంది. మొదటిసారి కోసినప్పుడు మా అత్తగారు ఫోన్ చేసి ఊరందరికీ చెప్పారు.

కిరణ్

ఇళ్ళ సర్వేలు చేయడమే నా ఉద్యోగం. పద్మజ గారు చెమ్మ గురించి చెప్పినదంతా సరైనదే, దానికి కొన్ని కలుపుతాను.

న్యూటౌన్ టెర్రస్‌కి పక్కింటికీ మీకూ మధ్య వెనక్కి వెళ్ళే సందు ఉందా? ఉంటే దాని మీద ఎవరి బెడ్‌రూమ్ ఉందో చూడండి. మీ గది కింద నేల పక్కవాళ్ళదైతే దాన్ని ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు. కొన్ని బ్యాంకులు దానికి మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) ఇవ్వడానికి వెనకాడతాయి. ఇంటి కాగితాలు చూసే లాయర్‌కి, అంటే సొలిసిటర్‌కి, మొదటిరోజే చెప్పండి. అలాగే పైకప్పు. ఆ ఇళ్ళకి మొదట వేసింది పలక రాయి. దాన్ని తీసి బరువైన కాంక్రీట్ పెంకులు వేసి, లోపల దూలాలకి బలం ఇవ్వకపోతే కప్పు నడుం వంగుతుంది. వీధికి అటువైపు నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

చిమ్నీ ఉండే పొయ్యి గోడని కింది గదిలో కొట్టేసి పైగదిలో మాత్రం ఉంచారేమో మూడు ఇళ్ళలోనూ చూడండి. పైన మిగిలిన ఇటుకల బరువు దేని మీద ఆగిందో చెప్పే కౌన్సిల్ సర్టిఫికెట్ కావాలి. నేను దీని దగ్గర ఎప్పుడూ పట్టు విడవను, ఎందుకంటే ఆ బరువు కింద పడుకునేది పిల్లలే.

టైల్‌హర్స్ట్ సెమీ గోడ మందం తలుపు దగ్గర టేపు పెట్టి కొలవండి. 26 సెంటీమీటర్లు దాటితే చాలావరకు మధ్యలో ఖాళీ ఉన్న జంట గోడే. ఆ రెండు గోడల్నీ పట్టి ఉంచే ఇనుప కట్లు (వాల్ టైస్) 90 ఏళ్ళలో తుప్పు పట్టి ఉబ్బుతాయి. బయట అడుగున్నరకో అడ్డ పగులు చొప్పున వరసగా కనిపిస్తే అదే కారణం. బాగుచేయొచ్చు, కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. వైరింగ్ ఎలాగూ మొత్తం మార్చాలి, పిల్లలతో దిగకముందే చేయించండి. గోడల గార కొట్టాలి కాబట్టి దుమ్మంతా లేస్తుంది. కప్పుకి ఆర్టెక్స్ అనే గరుకు డిజైన్ పూత ఉంటే ముందు ఆస్‌బెస్టాస్ టెస్ట్ చేయించాలి, ఇక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే.

రీడింగ్‌లో నేల సంగతి కూడా అడగాలి. 2000 జనవరిలో ఫీల్డ్ రోడ్ దగ్గర పాత సుద్ద గని కుంగి జనాన్ని ఇళ్ళలోంచి ఖాళీ చేయించారు. కాబట్టి సొలిసిటర్ చేత నేల సెర్చ్ చేయించండి. న్యూటౌన్ కెనెట్ నది థేమ్స్‌లో కలిసే చోటికి దగ్గర, కేవర్షమ్ దిగువ వీధులు థేమ్స్ పక్కనే. పోస్ట్‌కోడ్ కొడితే వరద ముప్పు ఎంతో ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా వస్తుంది. ఏది ఎంచుకున్నా లెవెల్ 3 సర్వేనే (అన్నిటికంటే వివరమైనది) చేయించండి. ఈ వయసు ఇళ్ళకి లెవెల్ 2 సరిపోదు.

వంశీ

అందరూ ఇంటి గురించి చెప్పారు, నేను స్టాంప్ డ్యూటీ గురించి చెప్తాను. మీరు కూకట్‌పల్లి ఫ్లాట్ మాట అన్నారు. ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీకి (మొదటి ఇల్లు కొనేవాళ్ళకి ఈ పన్నులో ఇచ్చే తగ్గింపు) ప్రపంచంలో ఎక్కడా ఇల్లు ఉండకూడదు. భార్యాభర్తలు కలిసి కొంటే ఒకరికున్నా పోతుంది. పైగా ఆ ఫ్లాట్‌లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు దాటితే ఇది రెండో ఇల్లు కింద లెక్క, అదనంగా 5 శాతం. ఇప్పటి రేట్లతో 4,40,000 ఇంటికి మామూలు పన్ను 12,000, అదనపుది 22,000, మొత్తం 34,000. కేవర్షమ్ ఇంటికి 39,500, న్యూటౌన్‌కి 26,000. మీ ఒక్కరి పేరున కొన్నా తప్పదు, భార్యాభర్తల్ని కలిపే చూస్తారు. ఆఫర్ పెట్టకముందే సొలిసిటర్‌తో మాట్లాడండి.

శ్రీలత

అందరికీ చాలా థాంక్స్ అండి. వంశీ గారూ, మీ లెక్క చూసి మావారు రాత్రంతా కూర్చుని మళ్ళీ బడ్జెట్ వేసుకున్నారు. రాయితీ వస్తుందనుకుని మేం 10,000 లోపే పక్కన పెట్టాం. కేవర్షమ్ ఇల్లు ఇంక మా చేతికి అందదు. ఆయనకి బాధగానే ఉంది, నాకూ ఆ నడవా చాలా నచ్చింది.

న్యూటౌన్ ఇంటికి నిన్న మళ్ళీ వెళ్ళాం. సందు ఉంది, దాని మీద గది మాదే. ముందు ఎయిర్ బ్రిక్స్ రెండూ సిమెంటుతో మూసేశారు, కిటికీ కింద నేల మెత్తగా ఊగుతోంది. నాన్నగారికి ఫోన్ చేసి చెప్తే, తూర్పు వాకిలి తర్వాత సంగతి, ముందు పిల్లల ఆరోగ్యం చూడమ్మా అన్నారు. ఇక టైల్‌హర్స్టే. గోడ కొలిచాం, 28 సెంటీమీటర్లు వచ్చింది. అడ్డ పగుళ్ళేమీ మాకు కనిపించలేదు. సొలిసిటర్‌తో మాట్లాడి, వైరింగ్ ఖర్చు తగ్గించి ఆఫర్ పెడతాం.

ఇంకొక్క సందేహం. పాప వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్‌లో (ఇక్కడి స్కూల్లో మొదటి క్లాసు) చేరాలి. స్కూల్ అప్లికేషన్‌లో ఏ అడ్రస్ ఇవ్వాలి?

పద్మజ

అప్లికేషన్‌కి చివరి తేదీ జనవరి 15, ఫలితం ఏప్రిల్ 16న వస్తుంది. ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన కొత్త అడ్రస్‌ని లెక్కలోకి తీసుకోరు, సాధారణంగా కాంట్రాక్టులు ఎక్స్‌చేంజ్ అయ్యుండాలి, అంటే అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ సంతకాలు చేసిన ఒప్పందాలు మార్చుకుని ఉండాలి. జనవరి లోపు అది అవ్వకపోతే ఇప్పటి అడ్రస్‌తోనే టైముకి పెట్టేయండి. ఎక్స్‌చేంజ్ అయిన రోజే కౌన్సిల్‌కి కాగితాలు పంపి మార్పించుకోండి, ఎంత ఆలస్యమైతే సీటు దొరకడం అంత కష్టం. టైల్‌హర్స్ట్‌లో కొంత భాగం రీడింగ్ కౌన్సిల్ కింద, కొంత వెస్ట్ బెర్క్‌షైర్ కింద ఉంటుంది. కొత్త ఇల్లు ఎవరి కిందికి వస్తుందో ముందే చూసుకోండి.