అంబ్రెల్లా లంగా: నడుము వదులైపోతోంది, అంచు హెచ్చుతగ్గులుగా దిగుతోంది. డాన్స్ కాస్ట్యూమ్‌కి ఎలా కత్తిరించాలి?

జరీపోగు:

గ్రూప్ డాన్స్‌కి ఆరు ఫ్లేర్ లంగాలు కుట్టాలి. నడుములు 26 నుంచి 32 అంగుళాల దాకా, పొడవు 34 నుంచి 37. పైగుడ్డ జార్జెట్, 44 అంగుళాల పన్నా (వెడల్పు). లోపల క్రేప్ లైనింగ్. గిరగిరా తిరిగే అడుగులు ఎక్కువ, గేరు (కింది చుట్టుకొలత) బాగా విచ్చుకోవాలి.

28 నడుము, 36 పొడవుకి రెండు అర్ధచంద్రాలుగా కోసి ఫుల్ అంబ్రెల్లా శాంపిల్ కుట్టాను. 28ని 6.28తో (π కి రెట్టింపు) భాగిస్తే వచ్చిన 4½ అంగుళాల దగ్గర నడుము గుండ్రం కోశాను. పక్క కుట్లకి అరంగుళం చొప్పున విడిగా వదిలాను. అయినా పట్టీ వేసేసరికి నడుము 32 అయింది. రెండోది, అంచు నాలుగు చోట్ల కిందికి జారింది. మూడోది, రెండంగుళాల బార్డర్ పై అంచు అంతా ముడతలు. తిరిగి ఆగినప్పుడు లైనింగ్ కాళ్లకి చుట్టుకుంటోంది కూడా.

ఇదే అంబ్రెల్లాని సరిచేసుకోవాలా, లేక కలీలకి (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసి కలిపే ముక్కలకి) మారాలా? గుడ్డ ఏ లెక్కన తీసుకోవాలి?

కత్తెర:

భాగహారం సరిగ్గానే చేశారండీ. 4½ అనేది కుట్టు పడాల్సిన గీత, మీరు అక్కడే కత్తెర పెట్టారు. అరంగుళం లోపలికి కుట్టేసరికి కుట్టు 5 అంగుళాల దగ్గర పడింది. 5ని 6.28తో గుణించండి, 31.4. మిగతా అరంగుళం పైచిలుకు క్రాస్ (పోగుకి ఏటవాలు) మీద సాగింది.

అంబ్రెల్లాలో నడుము దగ్గర పావంగుళం ఎక్కువ కోస్తే చుట్టుకొలత ఒకటిన్నర అంగుళం పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ కొంచెం తక్కువే కోయాలి. కుట్టు మార్జిన్ అరంగుళం తీసేసి, సాగుడుకి ఇంకాస్త తగ్గిస్తే కత్తెర గీతలు ఇలా వస్తాయి: 26 నడుముకి 3½, 28కి 3⅞, 30కి 4⅛, 32కి 4½. చిన్నదైతే దారం మందం చొప్పున కోసి పెంచుకోవచ్చు. పెద్దదైతే చేసేదేమీ లేదు.

కోసిన గుడ్డని బల్ల మీద నుంచి తీయకముందే నడుము అంచుకి ⅜ అంగుళం లోపల ఒక వరుస సాదా కుట్టు వేసేయండి. మిషన్ మీద 2 నుంచి 2½ మి.మీ. పొడవు కుట్టు చాలు. గుడ్డని లాగకుండా, పక్క కుట్టు నుంచి మధ్యకి ఒకసారి, రెండో పక్క నుంచి మళ్లీ మధ్యకి ఒకసారి. ఈ కుట్టు వేయకుండా హ్యాంగర్‌కి తగిలిస్తే లంగా బరువుకి నడుమే ముందు సాగుతుంది. పట్టీ వేసే ముందు ఆ కుట్టు దాకా ముప్పావు అంగుళానికి ఒకటి చొప్పున గాట్లు పెట్టండి. గాట్లు లేకపోతే గుండ్రపు అంచు తిన్నటి పట్టీకి సరిపడదు, చిన్న చిన్న ముడతలు పడుతుంది.

ఇంకొకటి. అర్ధచంద్రం గీసేటప్పుడు టేపు మొన పెట్టే కేంద్రం గుడ్డ అంచు మీద ఉండకూడదు, అరంగుళం లోపలికి ఉండాలి. కేంద్రం అంచు మీదే పెడితే పక్క కుట్లు కలిపాక నడుములో రెండంగుళాలు పోతాయి. మీరు ఇది సరిగానే చేశారు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

నిలువుపోగు:

నా మాట: ఆరుగురు పక్కపక్కన నిలబడే డాన్స్ కాబట్టి కలీలు కుట్టండి.

గుడ్డ నిలువు పోగు సాగదు, అడ్డ పోగు కొద్దిగా సాగుతుంది, రెండింటికీ మధ్య 45 డిగ్రీల క్రాస్ బాగా సాగుతుంది. అంబ్రెల్లాలో ఒక్కో అర్ధచంద్రానికి అలాంటి క్రాస్ రెండు చోట్ల వస్తుంది. రెండు ముక్కలకి కలిపి నాలుగు. మీ అంచు నాలుగు చోట్ల జారింది అందుకే. కలీలో పోగు మధ్యలో నిలువుగా ఉంటుంది, పక్క అంచులు దానికి 11 డిగ్రీల వాలులోనే ఉంటాయి. అందుకే జారడం దాదాపు ఉండదు. ఆరు లంగాల అంచులూ ఒకే గీత మీద ఉండాలంటే ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

28 నడుము, 36 పొడవు, 12 కలీల లెక్క చూడండి. పైన 28ని 12తో భాగిస్తే 2⅓. రెండు పక్కల కుట్లకి ఒక అంగుళం కలిపితే 3⅓. కింద గేరు 200 అంగుళాలు అనుకుందాం, అంటే ఐదు మీటర్ల పైన. 12తో భాగిస్తే 16⅔, కుట్టుతో 17⅔. ఒక కలీ నిటారుగా, పక్కది తలకిందులుగా పేరిస్తే రెండూ కలిసి 21 అంగుళాల్లో సరిపోతాయి. 44 పన్నాలో అలాంటి జతలు రెండు పడతాయి. అంటే ఒక వరుసలో నాలుగు కలీలు, మూడు వరుసల్లో పన్నెండు. వరుసకి 38 అంగుళాలు వేసుకుంటే 114 అంగుళాలు. మూడు మీటర్లలో ఒక లంగా అయిపోతుంది. అదే ఫుల్ అంబ్రెల్లాకి ఒక్కో అర్ధచంద్రానికి 82 అంగుళాల పొడవు కావాలి, రెండింటికీ 164, అంటే 4.25 మీటర్లు.

గేరులో తేడా ఉందన్న మాట నిజమే. అంబ్రెల్లాకి అంచు 254 అంగుళాలు వస్తుంది. అంత గేరూ కలీల్లోనే కావాలంటే 16 కలీలు వేయండి: కుట్టుతో కలిపి పైన 2¾, కింద దాదాపు 17. నాలుగు వరుసలు, 152 అంగుళాలు, నాలుగు మీటర్ల లోపే. తిరుగుడు ఎక్కువ అన్నారు కాబట్టి 16కే నా ఓటు.

వెల్వెట్‌కీ, ఒకే దిక్కుకి చూసే బుటాలకీ ఈ తలకిందుల పేర్పు పనికిరాదు. లైటు కింద ఒక కలీ ముదురుగా, పక్కది లేతగా కనిపిస్తుంది. మీది సాదా జార్జెట్ అయితే బెంగలేదు.

కలీ అడుగు తిన్నగా కోయకండి. వాలు అంచు మధ్య గీత కంటే అర నుంచి ముప్పావు అంగుళం పొడవుంటుంది. తిన్నగా వదిలేస్తే ప్రతి కుట్టు దగ్గరా ఒక మొన దిగి, అంచు నక్షత్రంలా కనిపిస్తుంది. పైమధ్య నుంచి ఎంత పొడవు కొలిచారో, పై మూలల నుంచి వాలు వెంబడి అంతే కొలిచి గుర్తు పెట్టి, మూడు గుర్తుల్నీ వంపుగా కలపండి. ఒక అట్ట ముక్క మీద ఒక్క కలీ సరిగ్గా గీసి కోసుకుంటే అన్నీ దానితోనే గీసుకోవచ్చు. నడుము కొలత మారినప్పుడు అట్ట పైభాగం మాత్రమే మారుతుంది: 16 కలీల్లో రెండంగుళాల నడుముకి ఒక్కో కలీకి ⅛ అంగుళం.

కలిపేటప్పుడు ప్రతి కుట్టూ కింద వెడల్పు వైపు మొదలుపెట్టి నడుము దాకా వెళ్లాలి. ఒకటి కిందనుంచి, ఒకటి పైనుంచి కుడితే కలీలు మెలి తిరుగుతాయి.

జరీపోగు:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. 16 కలీలే వేస్తాను. బార్డర్ సంగతి మిగిలింది. కలీలకి కూడా అంచు వంపే కదా, రెండంగుళాల తిన్నటి బార్డర్ ముడత లేకుండా ఎలా కూర్చుంటుంది? అంచు ఎంత మడవాలి?

అంచుకుట్టు:

బార్డర్ ముడతకి లెక్క ఉంది. బార్డర్ కింది అంచు లంగా అంచు మీద కూర్చుంటుంది, పై అంచు రెండంగుళాల లోపలి వృత్తం మీద కూర్చోవాలి. రెండు వృత్తాల మధ్య తేడా 2ని 6.28తో గుణిస్తే వచ్చే 12½ అంగుళాలు. గేరు ఎంత ఉన్నా ఫుల్ అంబ్రెల్లాలో ఈ తేడా మారదు. మీ శాంపిల్‌లో ఆ పన్నెండున్నర అంగుళాలే ముడతలుగా పోగుపడ్డాయి.

కలీల్లో దీన్ని దాచడం తేలిక. కింది అంచు ముందు కుట్టేయండి. లంగాని బల్ల మీద పరిచి, ఒక కలీ మధ్యలో బార్డర్‌ని అరచేత్తో పైకి సాపు చేయండి. మిగులు మొత్తం పక్క కుట్టు దగ్గరికి జరుగుతుంది. అక్కడ కింద సున్నా, పైన ముప్పావు అంగుళం ఉండే సన్నటి మడత ఒకటి పెట్టి గుండుసూది గుచ్చండి. 16 కుట్ల దగ్గరా ఇలా చేస్తే పన్నెండు అంగుళాలు అక్కడే తీరిపోతాయి. మడత కలీ కుట్టు మీదే ఉంటుంది కాబట్టి నాలుగడుగుల దూరం నుంచి కంటికి ఆనదు. అప్పుడు పై అంచు కుట్టండి. పై అంచు ముందు కుడితే కింద గుడ్డ చాలక లంగా అంచు లోపలికి ముడుచుకుంటుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. నూలు లేసు అయితే పై అంచున ఉండే దారం లాగి కుదించినా సరిపోతుంది.

మడుపు విషయం: పావంగుళం మించి మడవకండి. అరంగుళం మడిచారంటే లోపలికి మడిచిన అంచులో ఆరంగుళాల మిగులు వస్తుంది, అది సొట్టలుగా కనబడుతుంది. అంచుకి పావంగుళం దూరంలో ఒక వరుస కుట్టి, ఆ కుట్టు మీదే గుడ్డ మడిచి ఇస్త్రీ చేసి, మడత పక్కనే ఇంకో వరుస కుట్టి, మిగిలిన పీచుని కుట్టుకి ఆనించి కత్తిరించి, ఇంకోసారి మడిచి ఆఖరి వరుస వేయండి. జార్జెట్‌కి 11 నంబరు సూది వాడండి. 14 నంబరైతే పోగు లాగేసి అడ్డంగా గీతలు పడతాయి.

ఇవన్నీ లంగా వేలాడిన తరువాతే. నడుము పట్టీ వేసి, క్లిప్పులతో హ్యాంగర్‌కి రెండు రోజులు తగిలించండి. కలీలైనా ఒక రోజన్నా తప్పదు. తర్వాత డాన్సరుకే వేసి, కాళ్లకి ఏం తొడిగి ఆడతారో అదే తొడిగించి, నేల మీద నిలబెట్టిన స్కేలుతో ఒకే ఎత్తు దగ్గర మూడంగుళాలకో గుర్తు పెట్టండి. వాళ్లు కదలకూడదు, మీరే చుట్టూ తిరగాలి. ఆరుగురికీ నేల నుంచి ఒకే ఎత్తు పెట్టండి. నడుము నుంచి కొలిస్తే ఎప్పటికీ ఒక్క గీత మీదికి రావు. గజ్జెలు కడితే అంచు వాటికి పైనే ఆగాలి. తగిలిందంటే జార్జెట్ పోగులు లాక్కుపోతాయి.

కత్తెర:

లైనింగ్ చుట్టుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు, అది డాన్సరుకి ప్రమాదం కూడా. క్రేపూ జార్జెట్టూ రెండూ సింథటిక్ అయితే రాపిడికి ఒకదానికొకటి అంటుకుంటాయి, చెమట తోడైతే కాళ్లకీ అంటుకుంటాయి. పల్చటి కాటన్ లైనింగ్ వేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. కాటన్‌ని ముందే తడిపి ఆరేయండి, కుంచించుకుపోతే పైగుడ్డని లోపలికి లాగుతుంది.

లైనింగ్‌కి పైగుడ్డంత గేరు పెట్టక్కర్లేదు. ఆరు కలీలు, కింద ఒక్కొక్కటి 20, మొత్తం 120 అంగుళాలు. పెద్ద అడుగుకి ఇది సరిపోతుంది, తిరిగేటప్పుడు పైగుడ్డ లేచినా లైనింగ్ తక్కువ లేచి కాళ్లని కప్పి ఉంచుతుంది. పొడవు అంగుళం తక్కువ. రెండింటినీ నడుము దగ్గరే కలపండి, కింద కలిపితే సంచిలా ఉబ్బుతుంది.

బార్డర్ బరువు కూడా చూసుకోండి. ఏ బరువూ లేని అంచు గాలికి ఎగిరి ఒక పక్కకే పోతుంది, కొద్దిపాటి బరువుంటే వృత్తంగా విచ్చుకుంటుంది. మరీ బరువైతే డాన్సర్ ఆగాక కూడా అంచు తిరుగుతూనే ఉండి కాళ్లని చుట్టేస్తుంది. రెండంగుళాల తేలికపాటి జరీ చాలు, దాని మీద మళ్లీ పూసలు వద్దు.

జరీపోగు:

నడుము పట్టీకి ఎలాస్టిక్ వేయొచ్చా? ఆరుగురూ మార్చుకుని వేసుకునే అవకాశం ఉంది.

నిలువుపోగు:

ఒట్టి ఎలాస్టిక్ వద్దండి. తిరిగేటప్పుడు లంగా బరువు ఒక్కసారిగా లాగితే పట్టీ జారుతుంది. లైనింగ్, బార్డర్ కలిసిన బరువుని సాగే పట్టీ ఒక స్థాయిలో నిలబెట్టలేదు. ముందు భాగం సాదా పట్టీ, లోపల బక్రం (పట్టీ బిగువుగా నిలిచేందుకు వేసే గట్టి గుడ్డ). వెనక భాగంలో మాత్రం ఒకటిన్నర అంగుళాల ఎలాస్టిక్. దాంతో రెండంగుళాల దాకా సర్దుబాటు దొరుకుతుంది. ఎలాస్టిక్ రెండు చివర్లూ పక్క కుట్ల దగ్గర పట్టీకి నిలువుగా రెండేసి వరుసలు కుట్టేయండి, లేకపోతే లోపల మెలిపడుతుంది. ఎడమ పక్క కుట్టులో 7 అంగుళాల జిప్పు, పైన రెండు హుక్కులు, పట్టీ లోపలి నుంచి ఒక నాడా. జిప్పు తెగినా నాడా పట్టుకుంటుంది.

మార్చుకునేటట్టయితే 26, 28 వాళ్లకి ఒకే అట్ట, 30, 32 వాళ్లకి ఇంకో అట్ట పెట్టుకోండి. పెద్ద కొలతకే కోసి, ఎలాస్టిక్‌తో దగ్గరికి తీయండి. కాకపోతే అంచు ఎత్తు మనిషిని బట్టి ఉంటుంది కాబట్టి ఎవరు ఏది వేసుకుంటారో తేలాకే అంచు మడవండి. ఎత్తులో రెండంగుళాలకి మించి తేడా ఉన్నవాళ్ల మధ్య మార్చుకోవడం కుదరదు.

అంచుకుట్టు:

పైమాటకి ఒక్కటి కలుపుతున్నాను: జిప్పు ఉన్న కలీ కుట్టుకి, కోసిన వెంటనే, ఒక అంగుళం వెడల్పు సన్నటి కాటన్ పట్టీ లోపలి వైపు కుట్టండి. జార్జెట్ వాలు అంచు మీద నేరుగా జిప్పు వేస్తే అలలు పడుతుంది, తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

జరీపోగు:

అర్థమైంది. కాటన్ లైనింగ్ తడిపి ఆరేశాను, 30 నడుము అట్ట ఈ రోజే గీస్తున్నాను: పైన 2⅞, కింద 17.

నిలువుపోగు:

సరిగ్గా ఉందండీ. ముందు నాలుగు కలీలు మాత్రం కోసి, కలిపి కొలవండి. రెండు చివర్ల కుట్టు మార్జిన్లు వదిలేసి పైన ఏడున్నర అంగుళాలు రావాలి. వస్తే మిగతా పన్నెండూ కోసేయండి.