మా అమ్మ దగ్గర తీసుకెళ్లిన విత్తనాల మీద చేసిన పరిశోధన ఏమైందో ఎలా తెలుసుకోవాలి?

నమస్కారం అండీ. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. ఎర్ర నేలలు, వాన మీదే సాగు. మా అమ్మ ఇప్పటికీ ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, అనుములు కలిపి వేస్తుంది. విత్తనాల్లో బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తుంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల సంఘాలు విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి. 2008లో మాచునూర్‌లో సంఘం రేడియో కూడా మొదలైంది. ఇక్కడ విత్తనాల గురించి తెలిసినవాళ్లకు కొదవ లేదు.

మూడేళ్ల కిందట కొందరు పరిశోధకులు వచ్చి అమ్మ దగ్గర నాలుగు రకాల విత్తనాలు తీసుకెళ్లారు. ఏ రకం ఏ నేలకు సరిపోతుందో, ఏ కార్తెలో వేయాలో రెండు రోజులు కూర్చొని రాసుకున్నారు. ఏం తేలిందో ఇప్పటిదాకా చెప్పలేదు. "నా కొర్రల్లో బలం ఎంతుందట?" అని అమ్మ అడుగుతూనే ఉంది. జవాబు చెప్పలేకపోతున్నాను, చాలా బాధగా ఉంది.

ఆ ఫలితాలు తెలుగులో ఇవ్వమని ఉత్తరం ఎలా రాయాలి? సమాచార హక్కు దరఖాస్తు దాకా వెళ్లకుండా మంచిగానే అడగాలని ఉంది. 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం కింద రైతులు తమ రకాలను నమోదు చేసుకోవచ్చు కదా, ఊరంతా కలిసి అలా చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకోటి, మా అంగన్‌వాడీలో పిల్లలకు ఈ కొర్రలే వండి పెట్టించాలంటే పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టాలా, నేరుగా కలెక్టర్‌ను కలవాలా?

వ్యవసాయ పరిశోధనలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అమ్మతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడగలరా?